ఇంగిలీకం బాకీ

స్ట్రాండ్ వీధి వెనక, మూడో అంతస్తులో,
కొవ్వొత్తి పొగకి నల్లబడ్డ దూలం కింద మేం ఆరుగురం.
ఒకరిది కోట్లు, ఒకరిది ఆకాశం,
కాళ్ళు వాచిన డోర్కాస్‌ది విగ్గుల మీద బూడిదరంగు.
నాది ముక్కు.
లార్డ్ హార్బటిల్ గారి ముక్కు.

ఉప్పు మీద పన్ను వేసినప్పుడు
థర్కెల్ ఆయన్ని పీపాలా గీశాడు.
కిటికీల పన్ను పెంచినప్పుడు
సూర్యుణ్ణి రొట్టెలా కోసుకు తింటున్నట్టు.
మా గదికి రెండు కిటికీలుండేవి,
ఒకటి ఇటుకలతో మూసేశారు.
ఆ ఇటుకల పక్కనే నా బల్ల.

మనిషిని ఎన్నడూ చూడలేదు.
ముక్కుని మాత్రం, వందకి ఇన్ని పెన్నీలని,
వేలసార్లు ముట్టుకున్నాను.

అక్టోబరులో ఇంగిలీకం అయిపోయింది.
పాత బాకీ తీర్చందే చిటికెడు కూడా ఇవ్వనన్నాడు
రంగుల కొట్టు టాప్లే.
మిసెస్ పెనిఫోల్డ్ పద్దుపుస్తకం మూసి,
తాళంచెవి నడుముకి దోపుకుని
"పసుపుంది కదా, కానివ్వండి" అంది.
కానిచ్చాం.
రెండు వందల ముక్కులు, పండిన నిమ్మకాయల్లా.

పొద్దున కొట్టు అద్దం ముందు ఎప్పటి జనమే:
బొగ్గులవాడు, కోర్టు గుమస్తా,
చేపల బుట్ట దించుకున్న ముసలామె,
చదువురాని వాళ్ళకి చదివిపెట్టి
గుక్కెడు బీరు సంపాదించుకునే కుంటి ఎబెనెజర్.
ఎవరూ నవ్వలేదు.
"పచ్చగా అయిపోయాడే!" అన్నాడు బొగ్గులవాడు.
"కాలేయం" అన్నాడు గుమస్తా, చూసొచ్చినట్టు.
"అయ్యో" అంది ముసలామె.
ఉప్పు మానేసి ఆర్నెల్లయినా, అయ్యో అంది.

మధ్యాహ్నానికి ఆ కాలేయం కాఫీ కొట్లకి చేరింది.
మూడింటికి వైద్యులు నలుగురయ్యారు.
దీపాలవేళకి ఇంట్లోకి పాదిరీ వెళ్ళాడు,
ఎవరో కళ్ళారా చూశారు.
రుణపత్రాల ధర రెండున్నర పౌన్లు పడిపోయింది.
నా కుంచె అంత పని చేస్తుందని తెలిస్తే
కూలి పెంచమని అడిగేదాన్ని.

మర్నాడు ఆయనే వచ్చాడు.
బండి వీధి మొదట్లో ఆపి, చేతికర్ర లేకుండా,
రోగం లేదని ఊరికి తెలిసేలా
బురదలో పెద్ద పెద్ద అంగలేసుకుంటూ.
ఉన్న ఒక్క కిటికీలోంచి ఆరు తలలు పెట్టి చూశాం.
పొట్ట లేదు. డోర్కాస్ మొగుడికున్నంత కూడా లేదు.
భుజాలు కాస్త వంగిన,
ఎవరూ రెండోసారి చూడని మనిషి.
ముక్కు మాత్రం
ఎర్రగా, నిగనిగలాడుతూ, అచ్చం మేం వేసినట్టే.

"అదిగో, ఆయనే!"
జనం ఊపిరి పీల్చుకున్నారు.
ఆ తర్వాత పడీపడీ నవ్వారు.
ఆ నవ్వుకి ఆయన
టోపీ తీసి, వంగి నమస్కరించాడు.

అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి.
ముక్కు కొసన ఒక చుక్క ఎర్రగా ఊరి,
పై పెదవి మీదుగా జారి
తెల్లటి మెడగుడ్డ మీద పడింది.
చేతిరుమాలు చప్పున పైకి లేచింది కానీ
ఈలోపే చూశాను:
కింద ఉన్నది పాలిపోయిన, మామూలు ముక్కు.
ముక్కున వేలేసుకున్నాను.
నా ముక్కుకీ పసుపంటింది.

పదేళ్ళుగా రంగులు కలిపేదాన్ని, చెప్పగలను.
ఆ ఎరుపు మా కొట్టుది కాదు.
పురుగుల్ని నూరి తీసే ఖరీదైన ఎరుపు.
ఔన్సుకి మా ఆరుగురి వారం కూలి.

శనివారం టాప్లే తనే మెట్లెక్కి వచ్చాడు,
చంకలో పొట్లంతో.
బాకీ ఎవరో తీర్చేశారట.
బంగారు గుండీల నౌకరట, పేరు చెప్పలేదట.
సోమవారం కొవ్వొత్తుల మీద పన్ను.
థర్కెల్ అప్పుడే రాగిరేకు తుడుస్తున్నాడు.

ఇంగిలీకంలో నీళ్ళు పోసి, వత్తి తగ్గించి కూర్చున్నాను.
ఎందుకో ఈసారి చెయ్యి నెమ్మదించింది.
ఆయనా ఎక్కడో అద్దం ముందు
మా బొమ్మని ఆనించి పెట్టుకుని,
ఊపిరి బిగబట్టి వేసుకుని ఉంటాడు.
గీత దాటకుండా వేయడం
చూసినంత తేలిక కాదు.